ముసుగు చింపిన ఆట, చూపు మార్చుకోని కెమెరా

పర్సోనా 5 అనే జపనీస్ వీడియో గేమ్ ఆడినవాళ్ళని ఎవరినైనా కదిపి చూడండి. మొదట వచ్చేది స్టైల్ మాటే. "ఒట్టి మెనూ చూస్తూ గంటసేపు కూర్చోవచ్చు" అంటారు. నచ్చనివాళ్ళు కూడా అక్కడే మొదలుపెడతారు. "స్టైల్ తీసేస్తే ఇంకేం మిగుల్తుంది?" అని. మెచ్చుకున్నవాళ్ళూ తిట్టినవాళ్ళూ ఒకే పొరపాటు చేస్తున్నారని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. ఇద్దరూ స్టైల్‌ని కథ మీద చుట్టిన రంగు కాగితంలాగే చూస్తున్నారు. ఈ ఆటలో కథ చెప్పేదే స్టైల్. అందుకే కథ దారి తప్పిన చోట కూడా ముందు తప్పింది అదే. ఇంకా గట్టిగా చెప్పాలంటే, కెమెరా ఎవర్ని ఎలా చూసిందన్న దగ్గర తప్పింది.

కథలోని పెద్ద మలుపులన్నీ ఇందులో వస్తాయి. ఆడే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఆడాక చదవండి.

అట్లస్ కంపెనీ ఈ ఆటని జపాన్‌లో 2016 సెప్టెంబర్ 15న, మిగతా దేశాల్లో 2017 ఏప్రిల్ 4న విడుదల చేసింది. డైరెక్టర్ కత్సురా హషినో. పాత్రల బొమ్మలు షిగెనోరి సోయెజిమావి, సంగీతం షోజి మెగురోది. జపాన్ ఆటల పత్రిక ఫామిత్సు 40కి 39 ఇచ్చింది, ఐజీఎన్ వెబ్‌సైట్ 10కి 9.7 ఇచ్చింది. రివ్యూల మార్కులన్నీ కలిపి లెక్కేసే మెటాక్రిటిక్‌లో సగటు వందకి 93. కొత్త భాగాలు చేర్చిన పర్సోనా 5 రాయల్ జపాన్‌లో 2019లో, బయట 2020లో వచ్చింది. దానికి 95. ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా పోరాడే టర్న్ బేస్డ్ ఆటలకి కాలం చెల్లిందని చాలామంది అంటున్న రోజుల్లో, దాదాపు వంద గంటలు పట్టే టర్న్ బేస్డ్ ఆటకి ఇన్ని మార్కులు పడ్డాయి. ఆ మార్కుల్లో సగం ఆ ఎరుపూ నలుపూ తెచ్చిపెట్టినవే అని ఎవరైనా అంటే నేను కాదనను. అయితే ఆ ఎరుపూ నలుపూ అక్కడ ఏం పని చేస్తున్నాయో కాస్త దగ్గర్నించి చూడాలి.

హీరో ఇంటర్ వయసు కుర్రాడు. రాత్రిపూట రోడ్డు మీద తాగినవాడొకడు ఒకామెని లాగుతుంటే అడ్డుపడ్డాడు. తాగినవాడు పెద్ద రాజకీయ నాయకుడు. ఆమెని బెదిరించి తప్పుడు సాక్ష్యం చెప్పించి కుర్రాడి మీదే కేసు పెట్టించాడు. ఇప్పుడు ఆ కుర్రాడు ఏడాది ప్రొబేషన్ మీద టోక్యోకి వచ్చాడు. లెబ్లాంక్ అనే చిన్న కాఫీ హోటల్ అటక మీద ఉంటూ కొత్త స్కూల్లో చేరాడు. వచ్చిన రెండు రోజులకే కేసు సంగతి స్కూలంతా పాకింది. కారిడార్లో నడుస్తుంటే పిల్లలు పక్కకి జరిగి గుసగుసలాడతారు. అతను కళ్ళద్దాలు పెట్టుకుని, జేబుల్లో చేతులు దోపుకుని, కాస్త వంగి నడుస్తాడు. ఆ స్కూలూ ఆ రైలూ ఆ వీధీ అన్నీ వెలిసిన రంగుల్లోనే ఉంటాయి.

ఇప్పుడు మెనూ బటన్ నొక్కండి. అదే కుర్రాడు ముసుగుతో, పొడవాటి కోటుతో, ఎర్రటి తెర మీద గాల్లోంచి దూకుతున్నట్టు కనిపిస్తాడు. మాటలు ఒక్కొక్కటి ఒక్కో కోణంలో వాలి ఉంటాయి. పేపర్లోంచి అక్షరాలు కత్తిరించి అతికించిన బెదిరింపు ఉత్తరంలాగా, ఒక అక్షరం పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి తలకిందులు. ఫైట్‌లో ఒక్కో పనికి ఒక్కో బటన్ ఉంటుంది కాబట్టి జాబితా వెతుక్కోవడం ఉండదు. వేలు కదలగానే మనిషి కదులుతాడు. గెలిచాక లెక్కలు చూపించే తెరలో కూడా అతను పరిగెడుతూనే ఉంటాడు. దీన్ని అందం అని ఊరుకుంటే సగమే చెప్పినట్టు. బయట నోరెత్తలేని పిల్లవాడి తల లోపలి శబ్దం ఆ మెనూ. దాన్ని ఇంకెవరూ చూడరు. చూసేది అతనూ మనమూ మాత్రమే.

ముసుగు సంగతి కూడా ఇలాంటిదే. మామూలు కథల్లో దొంగ ముసుగు పెట్టుకుంటాడు. ఇక్కడ మాత్రం, రహస్యంగా దొంగలుగా మారే హీరోకీ అతని మిత్రుల్లో చాలామందికీ శక్తి మేల్కొనేది ముఖానికి అతుక్కున్న ముసుగుని వాళ్ళే పీకి పారేసినప్పుడు. అది మెల్లగా ఊడదు. చర్మంతో పాటు వస్తున్నట్టు, ముఖం నిండా రక్తంతో, కేకపెడుతూ పీకుతారు. ఎదుటివాళ్ళ కోసం ఇన్నాళ్ళూ పెట్టుకున్న ముఖం అంత గట్టిగా అతుక్కుపోయి ఉంటుందని ఒక్క డైలాగ్ లేకుండా చెప్పారు. "స్టైల్ తప్ప ఏముంది" అనేవాళ్ళకి నేను చూపించేది ఈ ఒక్క సీనే.

హషినో మొదట ఈ ఆటని పిల్లలు వీపున సంచి వేసుకుని ప్రపంచమంతా తిరిగే కథగా అనుకున్నాడట. 2011 మార్చిలో జపాన్‌లో పెద్ద భూకంపం, సునామీ వచ్చాక మనసు మార్చుకుని కథని జపాన్‌లోనే నిలిపాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

మొదటి విలన్ కమోషిదా. స్కూల్లో వాలీబాల్ కోచ్, ఒకప్పటి ఒలింపిక్ పతక విజేత. ప్రాక్టీస్ పేరుతో పిల్లల్ని కొడతాడు, ఆడపిల్లల వెంట పడతాడు. ప్రిన్సిపాల్‌కి తెలుసు, తల్లిదండ్రుల్లో కొందరికి తెలుసు, పిల్లలందరికీ తెలుసు. టీమ్ గెలుస్తోంది కాబట్టి ఎవరూ ఏమీ అనరు. షిహో అనే అమ్మాయి టీమ్‌లో ఉంది. ఆమె ప్రాణస్నేహితురాలు ఆన్ తకమాకి. షిహో స్థానం పోకుండా ఉండాలంటే తన మాట వినాలని కమోషిదా ఆన్‌ని బెదిరిస్తూ ఉంటాడు. ఆన్ ఒప్పుకోదు. ఒక పగలు, క్లాసులు జరుగుతుండగా, షిహో స్కూల్ మేడ మీంచి దూకుతుంది.

నేను ఈ భాగం మొదటిసారి 2017లో, రూమ్మేట్ పీఎస్4 మీద ఆడాను. ఆ రాత్రి ఆపేసి చాలాసేపు పడుకోలేకపోయాను. నేను తొమ్మిదో తరగతి చదివిన స్కూల్లో ఒక పీఈటీ సార్ ఉండేవారు. కబడ్డీలో మా స్కూల్‌కి జోనల్ ట్రోఫీలు తెచ్చినాయన. ప్రిన్సిపాల్ గదిలో అద్దాల బీరువా నిండా అవే. టీమ్‌లో నా పక్క బెంచీ కుర్రాడు చెవి మీద దెబ్బతో వారం పాటు సరిగ్గా వినలేకపోయాడు. వాళ్ళ నాన్న వచ్చి మాట్లాడి, చివరికి "సార్ మీ మంచికే కదరా" అని వాడికే చెప్పి వెళ్ళాడు. ఆ సంభాషణంతా ఆ బీరువా ముందే జరిగింది. మేము కిటికీలోంచి చూశాం. కమోషిదా కోటలోకి వెళ్ళినప్పుడు నాకు ఆ అద్దాల బీరువా గుర్తొచ్చింది.

కోట అన్నది ఎందుకంటే, ఈ ఆటలో హీరో, అతని మిత్రులు కలిసిన ఆ దొంగలు దోచేది మనసుల్ని. ఒక మనిషి తన లోకాన్ని లోపల్లోపల ఎలా చూస్తాడో అదే ఒక భవనంగా మారి ఉంటుంది. కమోషిదా దృష్టిలో స్కూలు తన కోట, పిల్లలు తన బానిసలు. కోటలో అతను నెత్తిన కిరీటం, గులాబీ రంగు అంగీ, లోపల డ్రాయర్‌తో తిరుగుతాడు. అక్కడ అతని పక్కన బికినీలో అతన్ని అంటిపెట్టుకుని ఒక ఆన్ ఉంటుంది. నిజం ఆన్ కాదు, అతని ఊహలో ఉన్న ఆన్. అసలు ఆన్ వచ్చి ఆ బొమ్మని చూస్తుంది. "నన్ను ఇలా చూస్తున్నాడా" అన్న అసహ్యం ఆమె ముఖంలో కనిపిస్తుంది. ఒక అమ్మాయిని చూడటంలోనే హింస ఉండగలదని, ఆ చూపునే గోడలుగా కట్టి మనల్ని లోపలికి నడిపించి చూపించారు. అతని దగ్గర దోచే నిధి కిరీటం. బయటికి తెస్తే అది ఒలింపిక్ పతకం. ఆట మొత్తంలో ఇంతకన్నా గట్టి భాగం లేదని నా అభిప్రాయం. చాలా రివ్యూలు మెచ్చుకున్నది కూడా దీన్నే.

చివర్లో కమోషిదా స్కూల్ అసెంబ్లీలో మోకాళ్ళ మీద పడి తప్పులన్నీ ఒప్పుకుంటాడు. చచ్చిపోతానంటాడు. అప్పుడు ఆన్ లేచి, పారిపోవద్దని అరుస్తుంది. అంత నరకం పడుతూ కూడా షిహో రోజూ బతుకుతోంది, నువ్వెందుకు చావాలి అని. పదేళ్ళుగా ఎన్నో ఆటలు ఆడినా, బాధితురాలి వైపు నుంచి ఇంత సూటిగా మాట్లాడిన సీన్ నాకు ఇంకోటి తగల్లేదు.

ఇక్కడి నుంచి నా గొడవ మొదలవుతుంది.

తర్వాతి విలన్ మదరామే అనే పెద్ద చిత్రకారుడు. అతని శిష్యుడు యూసుకే ఆన్‌ని చూసి, నగ్నంగా మోడల్‌గా కూర్చోవాలని పట్టుబడతాడు. ఒప్పుకోకపోతే మీ అందరి మీదా ఫిర్యాదు చేస్తానంటాడు. బెదిరించి అమ్మాయిని లొంగదీయడమంటే నాలుగు గంటల కిందట మనం ఓడించిన కమోషిదా చేసిందే కదా. కానీ ఈసారి మిత్రులే ఆన్‌ని ముందుకి తోస్తారు, ఇంట్లోకి చొరబడటానికి మంచి అవకాశమని. ఆమె ఒంటి మీద పొరలు పొరలుగా బట్టలు వేసుకుని వస్తుంది. సంగీతం సరదాగా మారుతుంది. ఆమె ఇబ్బంది మనం నవ్వుకోవాల్సిన విషయం అయిపోతుంది. ఆ తర్వాత సముద్రపు ఒడ్డున, ఎడారిలో, ఎక్కడ వీలు దొరికితే అక్కడ కెమెరా ఆమె మీద అలాగే ఆగుతూ ఉంటుంది.

నా చెల్లి డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు, 2023 సంక్రాంతికి విజయవాడలో మా ఇంట్లో రాయల్ ఆడాను. పీసీకి అంతకుముందు అక్టోబర్‌లోనే వచ్చింది. నేను ఆడుతుంటే పక్కన కూర్చుని చూసింది. కమోషిదా భాగం మూడు రాత్రులు పట్టింది. మూడు రాత్రులూ కదల్లేదు. అసెంబ్లీ సీన్ దగ్గర దుప్పటి మొహం దాకా లాక్కుని ఏడ్చింది. నాలుగో రాత్రి మదరామే ఇల్లు వచ్చింది. ఆన్ ఆ బట్టల మూటలా నిలబడి ఉంటే చెల్లి నా వైపు తిరిగి, "అన్నయ్యా, మొన్న తప్పని చెప్పిందే కదా ఇది?" అంది. నా దగ్గర జవాబు లేదు. "ఇది కామెడీ సీన్‌లే" అన్నాను, అని వెంటనే సిగ్గుపడ్డాను. కాసేపు చూసి లేచి వెళ్ళిపోయింది. తర్వాత రాత్రులు ఆ గదిలోకి రాలేదు.

ఈ ఆట మీద నేను చదివిన విమర్శల్లో ఏదీ చెల్లి అడిగిన ఆ ఒక్క ప్రశ్న కంటే పదునుగా లేదు.

ఆటని ప్రేమించేవాళ్ళు దీనికి మూడు సమాధానాలు చెప్తారు. మొదటిది, ఆ వయసు కుర్రాళ్ళు అంతే ఉంటారు కదా అని. ఉంటారు. కుర్రాళ్ళు అలా చూడటం వేరు, కెమెరా అలా చూడటం వేరు. కమోషిదా కోటలో ఆ చూపు ఎవరిదో ఆట స్పష్టంగా చెప్పింది, అది కమోషిదాది. మదరామే ఇంట్లో ఆ చూపు ఎవరిదని చెప్పదు, కాబట్టి అది మనదవుతుంది. రెండోది, ఆన్ వేసుకునే ఎర్రటి బిగుతు డ్రెస్ ఆమె తిరుగుబాటు మనసు లోంచి వచ్చిందని. దీంట్లో కొంత నిజం ఉంది, నేను ఒప్పుకుంటాను. తన అందం ఎవడి సొత్తూ కాదని చెప్పే అమ్మాయి తనకి నచ్చిన బట్ట కట్టుకోవడం అర్థవంతమే. కానీ ఆ డ్రెస్‌లో ఆమె దేన్ని చూస్తోందో చూపించే షాట్లు తక్కువ, ఆమెని చూసే షాట్లు ఎక్కువ.

మూడో సమాధానం నాకు అసలు నచ్చనిది. "అది జపాన్ ఆట, వాళ్ళ పద్ధతి అంతే, బయటివాళ్ళం మనం ఏమంటాం" అని. మరి కమోషిదాని రాసిందెవరు? టోక్యోలో కూర్చుని, తమ దేశపు స్కూళ్ళలో పెద్దవాళ్ళు ఎలా మౌనంగా ఉంటారో, కంపెనీలు పనివాళ్ళని ఎలా పిండుతాయో, రాజకీయ నాయకులు కేసులు ఎలా తిప్పుతారో రాసిందెవరు? అదే జపాన్ మనుషులు. భూకంపం తర్వాత బయటి దేశాల కథ మానేసి తమ ఇంటినే చూసుకోవాలనుకున్నారు. వాళ్ళ కొలబద్దతోనే వాళ్ళని కొలుస్తున్నాను. బయటి నుంచి కొత్త కొలబద్ద ఏమీ తేవడం లేదు.

టీచర్ కవకామి సంగతీ ఇలాగే కుదరదు. పిల్లల మీద అధికారాన్ని వాడుకున్న టీచర్‌తో కథ మొదలుపెట్టి, అదే స్కూల్లో క్లాస్ టీచర్‌తో హీరోకి ప్రేమ నడిపే వీలు కల్పించారు. కవకామి రాసిన తీరు బాగుంటుంది, అలసిపోయి రెండో ఉద్యోగం చేసే ఆవిడ కష్టం మనసుకి తగుల్తుంది. అందుకే ఆ ప్రేమ దారి ఇంకా అనవసరం అనిపిస్తుంది. టోక్యోలోని షింజుకులో హీరో మిత్రుడు ర్యూజిని ఇద్దరు మగవాళ్ళు వెంటాడే సీన్ స్వలింగ సంపర్కుల్ని వెకిలిగా చూపిందని కూడా ఆడినవాళ్ళ నుంచి చాలా విమర్శ వచ్చింది. రాయల్ ఇంగ్లీష్ రూపంలో ఆ మాటలు మార్చారు. అంటే విన్నారు. విన్నవాళ్ళు ఆన్ సీన్‌ని మాత్రం అలాగే ఉంచారు.

మిగతా ఫిర్యాదులు నాకు అంత పెద్దవి కావు. రాత్రయితే చాలు "ఈరోజుకి పడుకుందాం" అనే మోర్గానా పిల్లి మీద కోపం లేని ఆటగాడు ఉండడు. రాయల్‌లో కొన్ని రాత్రులు వదిలిపెట్టారు కాబట్టి సరిపోయింది. పనివాళ్ళని పిండే కంపెనీ యజమాని ఒకుమురా భాగం సాగుతుంది, దొంగల్లో చేరే అతని కూతురు హారు మరీ ఆలస్యంగా వచ్చి పక్కకి జరిగిపోతుంది. 2017లో, ఆటలో జులై 7 దాటాక స్ట్రీమ్ చేయకూడదని అట్లస్ ఆంక్ష పెట్టి, గొడవయ్యాక క్షమాపణ చెప్పి నవంబర్ 19 దాకా జరిపింది. అది కంపెనీ తప్పు, ఆటది కాదు. ఇంగ్లీష్ అనువాదం పొడిగా ఉందన్నది మాత్రం నిజం. జపనీస్ గొంతులు పెట్టుకుని ఆడి చూడండి. పేర్ల చివర "సాన్", "చాన్" అంటూ ఎవరు ఎవర్ని ఎంత దూరంలో ఉంచుతున్నారో వినబడుతుంది. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌లో చాలాచోట్ల అది ఒట్టి పేరయిపోతుంది. మీరూ నువ్వూ, గారూ ఒరేయ్ మధ్య పెరిగిన మన చెవి ఆ తేడాని పట్టుకుంటుంది.

కానీ రాయల్ చివర్లో చేర్చిన మూడో టర్మ్ గురించి మాట్లాడకపోతే అన్యాయం. ఆటలోని క్యాలెండర్లో నవంబర్ 18 లోపల డాక్టర్ మరుకితో స్నేహం బాగా పెంచుకోకపోతే ఆ భాగం అసలు తెరుచుకోదు. మొదటిసారి ఆడి దాన్ని పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మరుకి స్కూల్ కౌన్సెలర్. అతన్ని స్కూల్‌కి తెచ్చిందే కమోషిదా గొడవ తర్వాత పిల్లల మనసు కుదుట పరచడానికి. మంచివాడు, బిస్కెట్లు పెట్టి మాట్లాడేవాడు. అతని చేతికి లోకాన్ని మార్చే శక్తి వచ్చినప్పుడు అందరి బాధనీ తీసేస్తాడు. దొంగల్లో ఒకరైన ఫుతబాకి చనిపోయిన తల్లి తిరిగొస్తుంది. ఇంకో మిత్రురాలు మకోతోకి చనిపోయిన తండ్రి తిరిగొస్తాడు. కాలు దెబ్బతిన్న ర్యూజి మళ్ళీ పరిగెడతాడు. షిహో అదే స్కూల్లో, ఏమీ జరగనట్టు, ఆన్ చెయ్యి పట్టుకుని నవ్వుతూ ఉంటుంది.

ఇక్కడ తెర రంగు మారిపోతుంది. ఎరుపూ నలుపూ పోయి తెలుపు, లేత వెలుగు. మరుకి భవనం పై భాగం ఒక ఉద్యానవనంలా ఉంటుంది. వంద గంటలు మనల్ని అరిచి ఉత్తేజపరిచిన స్టైల్ ఒక్కసారిగా మెత్తబడుతుంది. ఆ మెత్తదనమే భయపెడుతుంది. ఎందుకంటే ఇన్నాళ్ళూ మనం చేసిన పని ఏమిటి? అడగకుండా ఇంకొకడి మనసులోకి దూరి మార్చేయడం. మరుకి చేసేదీ అదే, కాకపోతే ప్రేమతో. మనసులు మార్చే దొంగలకి ఎదురుగా అద్దం పెట్టిన ఈ భాగాన్ని రాయల్‌లో అన్నిటికన్నా బాగా రాసిన భాగం అంటాను. మరుకి ఇచ్చే లోకాన్ని ఒప్పుకోవాలా వద్దా అని ఆడినవాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. మరుకి మాట ఒప్పుకుంటే వచ్చే ముగింపులో అందరూ నవ్వుతూనే ఉంటారు. ఆ ముగింపు ఎంచుకున్నవాళ్ళని నేను తప్పుపట్టను. నేను మాత్రం ఒప్పుకోలేదు. చివరికి అతనితో తలపడేది అన్ని మాయలూ అయిపోయాక, ఒట్టి పిడికిళ్ళతో.

నన్ను పట్టేసింది ఆన్ నిర్ణయం. దూకని షిహో తన ఎదురుగా ఉంది. కావాల్సింది ఏమీ అనకుండా ఉండటమే. అయినా ఆన్ ఆ లోకాన్ని వదులుకుంటుంది. ఇంకో ఊళ్ళో కుంటుతూ మళ్ళీ నడక నేర్చుకుంటున్న నిజం షిహో దగ్గరికి తిరిగి రావడం కోసం. ఆ సీన్లలో కెమెరా ఆమె ముఖం మీద ఉంటుంది. ఒంటి మీద కాదు. అంటే వాళ్ళకి చేతకాక కాదు. అమ్మాయి కళ్ళలోకి చూస్తూ కథ చెప్పడం ఈ టీమ్‌కి బాగా వచ్చు. కమోషిదా దగ్గర చేశారు, ఇక్కడ మళ్ళీ చేశారు. మధ్యలో అరవై డెబ్బై గంటలు ఎందుకు మర్చిపోయారన్నదే నా బాధ. ఈ ఆటని ఇంతగా ప్రేమించకపోతే ఈ బాధ ఉండేది కాదు.

ఆ భాగం అయ్యాక చెల్లికి ఫోన్ చేసి, షిహో మళ్ళీ వస్తుందని చెప్పాను. అప్పటికి నేను హైదరాబాద్ వచ్చేశాను. ఉగాదికి ఇంటికి వెళ్ళినప్పుడు లాప్‌టాప్ తీసుకుని తనే కొత్తగా మొదటి నుంచి ఆడటం మొదలుపెట్టింది. కమోషిదాని తనే కొట్టింది. మదరామే ఇల్లు వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను, ఆ సరదా సంగీతం వినబడి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను. చెల్లి నన్ను చూడలేదు. ఫాస్ట్ ఫార్వర్డ్ బటన్ మీద బొటనవేలు గట్టిగా నొక్కి పట్టుకుని, ఆ సీన్ అయిపోయేదాకా తెర వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఆటలో తలుపు తాళం తెరుచుకున్న చప్పుడు వినగానే వేలు తీసి మళ్ళీ ఆడసాగింది.